వెట్టి (పదం)

వెట్టి అనగా కూలి లేకుండా, చేసేవాని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా, అధికారం కలవారి కొరకు చేయవలసివచ్చే పని. తెలంగాణలో, ముఖ్యంగా పూర్వపు నల్లగొండ జిల్లాలోని భువనగిరి, జనగామ, సూర్యాపేట తాలూకాలలో, 20వ శతాబ్దపు మొదటి సగంలో ఈ మాట ప్రజల నిత్యజీవితంలో భాగమై ఉండెను. నేడు దీనిని ఎక్కువగా వెట్టిచాకిరి అనే సమాసంగానే వ్రాస్తున్నారు. ఈ సమాసంలోని మొదటి పదం సంస్కృత భవం, రెండవది సేవకుడు అని అర్థమిచ్చే చాకర్ అనే పారసీక పదం నుండి ఉర్దూ ద్వారా వచ్చినది. రెండు వేరువేరు పాలనల మాటలు ఒకే బరువును మోస్తూ ఒకచోట చేరినవి.

ఈ వ్యాసం వెట్టి అనే పదం గురించి. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఇక్కడ పదానికి అవసరమైనంత వరకే ప్రస్తావించడమైనది.

రూపాలు, ఉచ్చారణ

గ్రంథాలలోని రూపం వెట్టి. భువనగిరి ప్రాంతపు పల్లెలలో వృద్ధుల నోట ఇది ఎట్టి అని వినబడుతుంది. పదాది వకారం ఎకారానికి ముందు లోపించడం ఈ ప్రాంతపు పలుకుబడిలో సాధారణం. వెన్నను ఎన్న అనీ, వెళ్లిండును ఎల్లిండు అనీ అనడం ఇటువంటిదే. వెట్టి చేసే మనిషి ఎట్టోడు, బహువచనంలో ఎట్టోళ్లు. గ్రాంథికంలో ఎటువంటి అనే అర్థంలో వాడే ఎట్టి వేరు పదం. కొత్తగా ఈ ప్రాంతానికి వచ్చిన ఉపాధ్యాయులు, అధికారులు ఈ రెంటి మధ్య తికమకపడడం కద్దు.

ఒకే విధంగా కనబడే మరికొన్ని మాటలను కూడా వేరు చేసి చూడవలెను.

వెట్ట అనగా వేడిమి, ఎండ. వెట్టకాలము అంటే వేసవి. దీనికీ వెట్టికీ సంబంధం లేదు.

తెలంగాణ వాడుకలో బువ్వ వెట్టి, చెయ్యి వెట్టి అనే ప్రయోగాలు కలవు. ఇవి పెట్టి అనే క్రియకు రూపాంతరాలు. ప్రథమావిభక్తి మీది పరుషములకు గ స డ ద వలు వచ్చునని వ్యాకరణంలో చదువుకొనే గసడదవాదేశ సంధి ఇదే. కోస్తా వాడుకలో చాలవరకు మరుగుపడిన ఈ సంధి తెలంగాణ నోట నేటికీ సజీవంగా ఉన్నది. ఈ మాటను మొరటుతనంగా భావించి పిల్లల నోట దిద్దబోయేవారు, తాము దిద్దుతున్నది చిన్నయసూరి వ్యాకరణాన్నే అని గమనించవలెను.

పంచాంగంలోని విష్టి కరణం (భద్ర) శుభకార్యాలకు వర్జ్యమైన ఒక కాలభాగం. క్రింద చెప్పబోయే విష్టికీ దీనికీ అక్షరాలు ఒకటే అయినా వాడుకలో రెండూ వేరు.

వ్యుత్పత్తి

వెట్టి పదానికి మూలం సంస్కృతంలోని విష్టి అన్నది ప్రబలమైన అభిప్రాయం. విష్టి ప్రాకృతంలో విట్ఠి, వెట్ఠి అయి తెలుగులో ఒత్తు పోగొట్టుకొని వెట్టి అయినది. ఈ మార్పులోని ప్రతి మెట్టుకూ తెలుగులో వేరే సాక్ష్యాలు ఉన్నవి. ష్ట, ష్ఠ అనే సంయుక్తాలు ట్ట కావడానికి శ్రేష్ఠి సెట్టి కావడం ఉదాహరణ. ఇష్టక నుండి ఇటుక వచ్చినది కూడా ఈ దారినే. ఇకారం ద్విత్వానికి ముందు ఎకారం కావడానికి విష్ణువు వెన్నుడు కావడం చక్కని ఉదాహరణ.

రెండవ వాదం ప్రకారం ఇది ద్రావిడ పదం. ఉత్త, ఖాళీ అని అర్థమిచ్చే వట్టి అనే మాటతో దీనిని కలుపుతారు. వట్టి చేతులతో ఇంటికి పోవలసిన పని కనుక వట్టిచాకిరి, అదే వెట్టిచాకిరి అని పల్లెలలో చెప్పే వివరణ కూడా ఇదే. అర్థం చక్కగా అతుకుతున్నందున ఈ వాదం ఆకర్షణీయంగా ఉన్నది. కాని ఇదే పదం ద్రావిడ భాషలు కాని మరాఠీ, గుజరాతీ, ఒడియాలలో ఇదే అర్థంతో, ఠకారంతో సహా ఉండడం వలన విష్టి వైపే మొగ్గు చూపవలసి వస్తున్నది. వట్టితో పోలిక జనం తరువాత చెప్పుకొన్న సమర్థన అయి ఉండును.

విష్టి నుండి వెట్టి వరకు

విష్టి మొదట తిట్టు మాట కాదు, ఒక పన్ను పేరు. ధనం లేదా ధాన్యం ఇవ్వలేనివాడు శరీరశ్రమను పన్నుగా చెల్లించడమే విష్టి. కౌటిల్యుని అర్థశాస్త్రం సైన్యం వెంట నడిచే విష్టి వర్గం చేయవలసిన పనులను వివరించినది. విడిదులు, దారులు, వంతెనలు, బావులు, రేవులు చూచుట, ఆయుధ సామగ్రిని మోయుట అందులోనివి. మనుస్మృతి ఏడవ అధ్యాయం వృత్తిపనివారి చేతను, కాయకష్టంపై బ్రతికేవారి చేతను రాజు నెలకొక దినం పని చేయించుకొనవచ్చునని చెప్పినది. నెలకు ఒక దినం అన్న ఈ లెక్కను జ్ఞాపకముంచుకొంటే, తెలంగాణలో ఈ పని ఎంత దూరం పోయినదో తెలుస్తుంది.

శాసనాలలో ఈ పదం తరచుగా మినహాయింపు రూపంలోనే కనబడడం ఆసక్తికరం. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో మహాక్షత్రప రుద్రదాముడు సుదర్శన తటాకపు గట్టును ప్రజలను పన్నులతో, విష్టితో, బలవంతపు కానుకలతో పీడించకుండా బాగుచేయించినట్లు చెప్పుకొన్నాడు. ఒక రాజు తాను విష్టి చేయించలేదని రాతిమీద చెక్కించుకొన్నాడంటే, తక్కినవారు చేయించేవారనే కదా అర్థం. వాకాటకుల తామ్రశాసనాలలో దానమిచ్చిన గ్రామాలను సర్వవిష్టి నుండి విడిపించినట్లు ఉన్నది. చోళుల కాలపు తమిళ శాసనాలలోని పన్నుల పట్టీలలో వెట్టి మాటిమాటికి వచ్చే పేరు. 16వ శతాబ్దంలో విజయనగర రాజ్యంలో సదాశివరాయల కాలమున, అళియ రామరాయల చొరవతో మంగలివారికి పన్నులతో పాటు బిట్టిని కూడా మాన్పించిన శాసనాలు పలుచోట్ల దొరికినవి. ఒక వృత్తివారికి మాన్పించినట్లు చెప్పవలసి వచ్చినదంటే, వెట్టి అప్పటికే కులవృత్తులను అంటిపెట్టుకొని ఉండేనని ఊహించవచ్చును.

సోదర భాషలలో

ఒకే మూలం నుండి వచ్చిన ఈ పదం ఒక్కొక్క భాషలో ఒక్కొక్క వైపుకు ఒరిగినది. ఆ ఒరుగుదల పరిశీలింపదగినది.

కన్నడంలో ఇది బిట్టి. పూర్వం నిర్బంధపు పని అనే అర్థమున్నా, నేటి కన్నడ వాడుకలో బిట్టి అంటే ఉచితం, వెల లేకుండా దొరికేది. అనగా పని పొందినవాని దృష్టి నుండి అర్థం నిలిచినది. గుజరాతీలో వేఠ్ నుండి వేఠ్‌వుఁ అనే క్రియ పుట్టినది, దానికి భరించుట, అనుభవించుట అని అర్థం. ఇది పని చేసినవాని దృష్టి. అదే భాషలో వేఠ్ దింపుట అంటే మనసు పెట్టకుండా పైపైన పని కానిచ్చుట. కూలి రాని పనిని ఎవరైనా ఎట్లు చేస్తారో ఆ జాతీయం చెబుతున్నది. మరాఠీలో వేఠీస పట్టుకొనుట అంటే ఇతరులను నిర్బంధించి తన పని సాధించుకొనుట. సమ్మెల వార్తలలో ఈ ప్రయోగం నేటికీ చూడవచ్చును. తమిళంలో వెట్టి వేలై అంటే పనికిమాలిన పని, వెట్టియాన్ అంటే శ్మశానపు పనులు చూచే గ్రామసేవకుడు. ఒడియాలో బేఠి. ఒడిషా సంస్థానాలలో 1930లలో సాగిన ప్రజామండల ఉద్యమాలకు బేఠి రద్దు ముఖ్యమైన కోర్కె.

ఉత్తర భారతంలో వ్యాపించిన బేగార్ ఈ కుటుంబానికి చెందదు. అది పారసీకం నుండి వచ్చినది. పని లేనివాడు అని అర్థమిచ్చే బేకార్‌తో దీనిని కలపరాదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ కనుక కాగితాలలో బేగార్, జనం నోట వెట్టి. గ్రామసేవకుని బేగరి అనే వాడుక కూడా తెలంగాణలో కలదు, అది కొన్ని కుటుంబాలకు ఇంటిపేరుగా నిలిచిపోయినది.

ఐరోపాలో ఇటువంటి పనికి పుట్టిన పేర్లు మరొక వింత చూపుతవి. ఫ్రెంచి వారి కోర్వే అనే మాటకు లాటిన్ మూలంలో అడిగి చేయించుకొన్న పని అని అర్థం. మధ్యయుగపు ఇంగ్లాండులో జమీందారు పొలంలో కోతల కాలపు ఉచితశ్రమను బూన్ వర్క్ అనేవారు. ఇందులోని బూన్ అనే పాత మాటకు మనవి అని అర్థం. కాదనడానికి వీలులేని పనికి మనవి అని పేరు పెట్టుకొన్నారు. మన విష్టి కనీసం ఆ మర్యాద నటించలేదు.

తెలంగాణలో అర్థవిస్తృతి

నిజాం పాలన చివరి దశాబ్దాలలో తెలంగాణలో వెట్టి అంటే ఒక పని కాదు, ఊరిలోని ప్రతి కులానికీ దొర గడితోను, సర్కారు అధికారులతోను ఉన్న సంబంధానికే అది పేరు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రకటించిన తెలంగాణ పోరాట గ్రంథంలో ఈ పనులు విపులంగా ఉన్నవి.

మాల, మాదిగ ఇండ్ల నుండి వంతులవారీగా ఒకరు గడికి పోవలెను. కబురు మోయుట, కట్టెలు కొట్టుట, పటేలు పట్వారీల దస్త్రం పొరుగూరికి చేర్చుట వారి పని. మాదిగవారు చెప్పులు, మోట బొక్కెనలు, తోలు పట్టెడలు వెల లేకుండా ఇవ్వవలెను. చాకలివారు బట్టలు, అంట్లు చూడవలెను. మంగలివారు క్షౌరమే కాక రాత్రి కాళ్లు ఒత్తవలెను. కుమ్మరి కుండలు, గౌండ్లవారి కల్లు, గొల్లల గొర్రెలు, సాలెవారి బట్ట, కోమట్ల సరుకులు ఇదే లెక్కలోనివి. కాపువారు కూడా దీనికి అతీతులు కారు. తొలకరి పడగానే రైతు నాగలి, ఎడ్లు మొదట దొర పొలంలో దిగవలెను, ఆ తరువాతనే సొంత చెలక. వానపై ఆధారపడిన ఈ మెట్టప్రాంతంలో అదును తప్పిన నాలుగు దినాలు పంట మొత్తానికి సమానం. కనుక రైతుకు వెట్టి వలన పోయినది నాలుగు దినాల కూలి కాదు, ఒక యేటి పంట.

గిర్దావరు, తహశీల్దారు, పోలీసు అమీను వంటివారు దౌరాకు వచ్చినపుడు బండ్లు కట్టుట, సామాను మోయుట, కోళ్లు, పాలు, నెయ్యి సమకూర్చుట కూడా వెట్టియే. దొరసానులతో పాటు అత్తవారింటికి పంపబడిన ఆడబాపల స్థితి వెట్టి కంటె హీనమైనది, దానిని దాస్యమనే చెప్పవలెను. బి. నరసింగరావు దర్శకత్వం వహించిన దాసి (1988) చిత్రానికి వస్తువు ఈ గడి జీవితమే. దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు నవలలో గడి, వెట్టి, నాటి పలుకుబడి ఒకచోట కనబడతవి.

వెట్టికి దగ్గరగా ఉండి భిన్నమైన మాట భగేలా. భగేలా అప్పు తీర్చలేక షావుకారు లేక దొర వద్ద జీతగానిగా ఉండిపోయినవాడు. అతని కట్టుబాటుకు ఒక అప్పు, ఒక మొత్తం, ఎంత అన్యాయమైనా ఒక లెక్క ఉన్నవి. వెట్టికి అప్పు అక్కరలేదు, ఫలానా కులంలో పుట్టి ఫలానా ఊరిలో ఉండడమే చాలును. అప్పు తీరితే భగేలా విడిపోవచ్చును, కనీసం మాటవరుసకు. తీర్చడానికి వెట్టివానికి బాకీయే లేదు. ఈ భేదం చట్టాల విషయంలో మరల వస్తుంది.

భువనగిరి సభ

1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రజన సంఘం మాడపాటి హనుమంతరావు నాయకత్వంలో తొలిరోజులలో ప్రకటించిన చిన్న పుస్తకాలలో వెట్టిచాకిరిపై ఒకటి కలదు. ఫలానా పని చేయించుకొనుట నిజాం ప్రభుత్వ నిబంధనలకే విరుద్ధమని జనానికి తెలియజెప్పుట నాటి పద్ధతి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభలలోను ఈ సమస్య చర్చకు వచ్చినది.

1944లో భువనగిరిలో జరిగిన పదకొండవ ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు ఇదే తాలూకాలోని బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి. ఈ సభతో మితవాదులు విడిపోయినారు, సభ్యత్వ రుసుము రూపాయి నుండి నాలుగణాలకు తగ్గినది. పదచరిత్ర దృష్టితో చూచినా ఈ సభ ఒక మలుపు. అంతకు ముందు తీర్మానాలలో వ్రాతపదంగా ఉన్న వెట్టి, నాలుగణాల చీటీతో సంఘంలో చేరిన పల్లెజనం నోట నిరాకరణ పదమైనది. వెట్టి బంద్ అనే రెండు ముక్కల మాట తీర్మానం కంటె వేగంగా ఊళ్లు తిరిగినది. ఆంధ్రమహాసభ అనే పేరు కూడా జనం నోట సంఘం అయినది. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత ఉద్యమం మరో దశకు చేరినది. 1952 ఎన్నికలలో నల్లగొండ లోక్‌సభ స్థానం నుండి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధికంగా, నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు పొందినాడు.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసిన తరువాత 1949లో జాగీర్లు రద్దయినవి. కాని మాటతో పాటు పని కూడా అంతటా పోలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో సాగిన రైతుకూలీ ఉద్యమంలోను వెట్టి రద్దు ఒక కోర్కెగా ఉండుటయే ఇందుకు నిదర్శనం. పటేలు, పట్వారీ పదవులు 1984లో రద్దయినవి.

చట్టంలో వెట్టి

భారత రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాలను, బేగార్‌ను, అటువంటి ఇతర నిర్బంధశ్రమను నిషేధించినది. ఆంగ్ల పాఠంలో కూడా బేగార్ అనే మాటనే ఉంచినారు. 1975 అక్టోబరు 25 నుండి అమలులోకి వచ్చిన, 1976లో పార్లమెంటు ఆమోదించిన నిర్బంధశ్రమ నిర్మూలన చట్టం దేశంలో ఈ పద్ధతికి ఉన్న స్థానిక నామాలను నిర్వచనంలోనే చేర్చినది. ఆ పట్టికలో మనవారికి తెలిసిన భగేలా, జీతా, పాలేరు ఉన్నవి, చివరి పేరు వెట్టి.

ఈ చట్టాన్ని తెలుగులో వాడుకగా వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అంటారు. చట్టం ముఖ్యంగా గురిపెట్టినది అప్పు లేదా బయానా మూలంగా ఏర్పడే కట్టుబాటును, అనగా తెలంగాణ మాటలో భగేలాను. వెట్టి అనగానే తెలుగువాని మనసుకు తోచేది బొత్తిగా కూలి లేని పని, గడి, దొర. దీనివలన ఒక చిక్కు వచ్చినది. కుటుంబమంతటికీ ముందుగా బయానా ఇచ్చి, వారానికి కొంత తిండిఖర్చు ఇస్తూ, లెక్క తేలేవరకు కదలనివ్వని ఇటుక బట్టీని చూచినవారు, ఇక్కడ ఎంతో కొంత ఇస్తున్నారు కనుక ఇది వెట్టి కాదు అనుకొనే ప్రమాదం ఉన్నది. చట్టం ప్రకారం అది నిషిద్ధమే. అనువాదంలో బరువైన పాత మాటను ఎన్నుకొనుట వలన మాటకు బలం వచ్చినది, కాని దాని పరిధి మసకబారినది.

సర్వోన్నత న్యాయస్థానం ఈ పరిధిని 1982లో స్పష్టం చేసినది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణపు పనివారి విషయమై పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ వేసిన వ్యాజ్యంలో, కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుట కూడా 23వ అధికరణం నిషేధించిన నిర్బంధశ్రమయే అని తీర్పు చెప్పినది. ఆకలి, పేదరికం వలన వేరు దారి లేక ఒప్పుకొన్నంత మాత్రాన అది స్వేచ్ఛగా చేసిన పని కాదని ఆ తీర్పు సారాంశం. ఈ లెక్కన చట్టంలోని వెట్టి, నిఘంటువులోని వెట్టి కంటె చాలా విశాలమైనది.

నేటి వాడుక

1852 నాటి బ్రౌను నిఘంటువు వెట్టికి కూలి లేని పని అనే అర్థాన్నే ఇచ్చినది. నేడు పట్టణాలలో అదనపు గంటలు పనిచేసిన ఉద్యోగి, ఇంటిపనికి గుర్తింపు లేదని భావించే గృహిణి, పరీక్షల విధులకు భత్యం రాని ఉపాధ్యాయుడు, అందరూ తమ పనిని వెట్టిచాకిరి అంటున్నారు. మాట పలుచబడినదని దీనిని తప్పుపట్టనవసరం లేదు. అయితే పల్లెలో గడికి వంతు పోయిన కుటుంబాల వృద్ధులు ఈ మాటను అంత తేలికగా, హాస్యంగా వాడరు. ఎట్టోడు అనే మాట కులాన్ని సూచిస్తూ తిట్టుగా కూడా వాడబడినందున, మనుషులను ఉద్దేశించి దానిని వాడరాదు.

హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు యేటా ఒడిషాలోని బొలాంగీర్, నువాపడా జిల్లాల నుండి కుటుంబాలు బయానా తీసుకొని వస్తుంటవి. పొట్టచేతపట్టుకొని ముంబయి, పూణేలకు మేస్త్రీల వెంట పోయిన పాలమూరు కూలీల కథ కూడా బయానాతోనే మొదలయ్యేది. తెలుగులో వెట్టి, ఒడియాలో బేఠి, మరాఠీలో వేఠ్ అని పలికే ఈ మూడు ప్రాంతాలవారు ఈ వలస దారులలో కలుసుకొంటున్నారు. ఒకరి మాట మరొకరికి అనువాదం లేకుండానే తెలియును.